పసిబిడ్డ జలుబు, పెద్దల ధర్మం

నెలల బిడ్డకు ముక్కు దిబ్బడ వేస్తే ఇల్లంతా కదిలిపోతుంది. పాలు పట్టబోతే నాలుగు గుక్కలు తాగి వదిలేస్తుంది, ఏడుస్తుంది, మళ్లీ రొమ్ము వెతుక్కుంటుంది. పుట్టిన మొదటి నెలల్లో శిశువు ఊపిరి తీసేది ప్రధానంగా ముక్కుతోనే. ఆ దారి చాలా సన్నం. కాస్త చీమిడి చేరినా, లోపొర కొంచెం వాచినా, పాలు తాగడమూ ఊపిరి తీయడమూ ఒకేసారి సాగవు. ఆ గురగుర వింటూ ఊరికే ఉండటం ఎవరికైనా కష్టమే. అందుకే ఒకరు సాంబ్రాణి ధూపం వేయమంటారు, ఒకరు ముక్కులో నూనె చుక్క వేయమంటారు, ఇంకొకరు మెడికల్ షాపుకు వెళ్లి సిరప్ తెస్తారు. ఇది వైద్యులు మాత్రమే తేల్చే ప్రశ్న కాదు, ధర్మ ప్రశ్న కూడా. బాధపడే ప్రాణి ఎదురుగా ఉన్నప్పుడు ఏదో ఒకటి చేయడమే ప్రేమా? చేయకుండా ఆగడమూ ప్రేమ కాగలదా? కాగలదనీ, పసిబిడ్డ జలుబు విషయంలో చాలాసార్లు అదే కష్టమైన కర్తవ్యమనీ నా వాదన.

భగవద్గీత నాలుగో అధ్యాయం కర్మ (చేయడం), వికర్మ (చేయకూడనిది చేయడం), అకర్మ (చేయకపోవడం) అని మూడింటిని విడదీస్తుంది. కర్మలో అకర్మనూ అకర్మలో కర్మనూ చూడగలిగినవాడే వివేకి అంటుంది. దీనికి భాష్యం రాస్తూ శంకరాచార్యులు పడవ ఉదాహరణ ఇచ్చారు. పడవలో వెళ్లేవాడికి గట్టున ఉన్న చెట్లు వెనక్కి కదులుతున్నట్టు కనిపిస్తాయి. అలాగే ఆత్మకు లేని కర్తృత్వం ఉన్నట్టు తోస్తుందని ఆయన చెప్పదలచింది. అంత గంభీరమైన మాటను జలుబు దాకా దించడం తగునా అని ఎవరైనా అడగవచ్చు. తగునంటాను. నేనే చేశాను, నావల్లే జరిగింది అనే భ్రమ మనల్ని పట్టుకునేది ఇలాంటి రోజువారీ పనుల్లోనే. జలుబు చాలావరకు వైరస్‌ల వల్ల వస్తుంది. చిన్నపిల్లలకు ఏడాదిలో ఆరు నుంచి ఎనిమిది సార్లు రావడం మామూలే. చాలామందికి వారం పది రోజుల్లో దానంతటదే తగ్గుతుంది. యాంటీబయాటిక్‌లు వైరస్ మీద పనిచేయవు. మూడో రోజున సిరప్ పట్టి, ఆరో రోజున బిడ్డ తేరుకుంటే, సిరప్పే తగ్గించిందని నమ్ముతాం. నయం చేసుకున్నది బిడ్డ శరీరం, ఘనత దక్కింది సీసాకు.

ఆ నమ్మకం హాని చేయనిదైతే వదిలేయవచ్చు. కానీ చేస్తోంది. దగ్గు, జలుబు సిరప్‌లు పసిపిల్లలకు మేలు చేస్తాయనడానికి గట్టి ఆధారం లేదు. అపాయాలకు మాత్రం ఉంది. క్లోర్‌ఫెనిరమిన్, ఫినైల్‌ఎఫ్రిన్ కలిపిన మందును నాలుగేళ్లలోపు పిల్లలకు వాడకూడదని 2023 డిసెంబరులో మన దేశ ఔషధ నియంత్రణ సంస్థ ఆదేశించింది. 2022లో గాంబియాలో సుమారు 70 మంది పిల్లల మరణాలు మన దేశంలో తయారైన కలుషిత సిరప్‌లతో ముడిపడ్డాయి. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో డైఇథిలిన్ గ్లైకాల్ అనే విషపదార్థం కలిసిన దగ్గు మందు తాగి 20 మందికి పైగా పిల్లలు కిడ్నీలు పాడై చనిపోయారు. రెండేళ్లలోపు పిల్లలకు ఈ మందులు రాయవద్దనీ, ఐదేళ్లలోపు వారికి సాధారణంగా తగవనీ అదే ఏడాది అక్టోబరులో కేంద్ర ఆరోగ్య శాఖ రాష్ట్రాలకు సూచించింది. కల్తీ తయారీదారుల నేరమే. అయితే అవసరం లేని మందు అడిగే అలవాటు మనది. ఈ సిరప్‌లలో కొన్ని మత్తు కలిగిస్తాయి. బిడ్డ నిద్రపోతే మన ఆందోళన తగ్గుతుంది, ముక్కు మాత్రం మూసుకునే ఉంటుంది. అప్పుడు మందు ఎవరి బాధకు వేసినట్టు? పరిణామాన్నీ హింసనూ లెక్కచేయకుండా మోహంతో మొదలుపెట్టే పనిని గీత పద్దెనిమిదో అధ్యాయం తామసమంటుంది. మోహం ప్రేమ వేషంలో రావడమే ఇక్కడి చిక్కు.

షాపు మందులు సరే, తరతరాల ఇంటి వైద్యం మాటేమిటి, దానితోనే ఇంతమందిమి పెరిగాం కదా అనేది బలమైన అభ్యంతరం. పెద్దల అనుభవాన్ని తీసిపారేయడం నా ఉద్దేశం కాదు. అయితే పెరిగి పెద్దయినవాళ్లే ఆ మాట చెప్పగలరు, పసితనంలోనే పోయినవాళ్లు సాక్ష్యం చెప్పలేరు. ముక్కులో వేసిన నూనె ఊపిరితిత్తుల్లోకి జారి న్యుమోనియా తేగలదు. సాంబ్రాణి పొగ వాచిన శ్వాసమార్గాన్ని ఇంకా రేపుతుంది. కర్పూరం పసివాళ్ల ఒంట్లోకి చేరితే ఫిట్స్ రావచ్చు. ఏడాది నిండని బిడ్డకు తేనె నాకిస్తే బొట్యులిజం అనే జబ్బు వచ్చే ప్రమాదం ఉంది. సరిగా వాడితే విషమూ మందవుతుందనీ, సరిగా వాడకపోతే మందే విషమవుతుందనీ చరకుడు ఏనాడో హెచ్చరించాడు. కాబట్టి పరీక్షించి చూడటం సంప్రదాయానికి ద్రోహం కాదు. బిడ్డను ఒళ్లో నిటారుగా ఎత్తుకోవడం, తల్లిపాలు మానకపోవడం, చలిగాలి తగలకుండా చూడటం వంటి పెద్దల మాటలు ఆ పరీక్షలో నిలుస్తాయి.

మరి చేతులు ముడుచుకుని కూర్చోమంటారా, పడిశం పది రోగాల పెట్టు అని ఊరికే అన్నారా అని అడిగేవారికి జవాబు అకర్మ అన్న భావనలోనే ఉంది. అకర్మ సోమరితనం కాదు, అంతా విధి రాత అని వదిలేయడం అంతకన్నా కాదు. పాలు పట్టే ముందు ముక్కులో రెండు సెలైన్ చుక్కలు వేసి చీమిడి మెల్లగా తీయాలి. కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు పాలివ్వాలి. అన్నిటికన్నా ముఖ్యం, గమనించాలి. బిడ్డ ఏడవకుండా ఉన్నప్పుడు ఒక పూర్తి నిమిషం ఊపిరి లెక్కపెట్టాలి. రెండు నెలల్లోపు బిడ్డకు 60, రెండు నెలల నుంచి ఏడాదిలోపు 50, ఏడాది నుంచి ఐదేళ్లలోపు 40, లేదా అంతకు మించితే అది ఉత్త జలుబు కాదు. డొక్కలు ఎగరేస్తున్నా, పెదాలు నీలమెక్కినా, పాలు తాగలేకపోయినా, మగతగా పడి ఉన్నా, రెండు నెలల్లోపు బిడ్డకు జ్వరం వచ్చినా వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి. న్యుమోనియా ఇప్పటికీ పసిపిల్లల ప్రాణాలు తీస్తోంది. ఎప్పుడు ఆగాలో తెలిసినవారికే ఎప్పుడు కదలాలో తెలుస్తుంది. సీసా మూత తీసినవాడు పని అయిపోయిందనుకుని కళ్లు మూసుకుంటాడు. ఆగినవాడు రాత్రంతా మేలుకుని చూస్తాడు. నిజమైన కర్మ ఎవరిది?

ఒక అభ్యంతరం మాత్రం తేలిగ్గా తీరదు. తెల్లారితే కూలికి వెళ్లాల్సిన తల్లి, ఆసుపత్రి ఇరవై మైళ్ల దూరంలో ఉన్న గూడెంలోని తల్లి ఇలా కనిపెట్టుకుని కూర్చోగలదా? ఆమె సిరప్ కొంటే అది మోహమని తీర్పు చెప్పే అర్హత మనకు లేదు. ఓపిక పట్టాలంటే వెనుక ఒక భరోసా ఉండాలి. శ్వాస లెక్కపెట్టడం నేర్పే ఆశా కార్యకర్త, పిలిస్తే వచ్చే అంబులెన్సు, బిడ్డకు ఒంట్లో బాగాలేని రోజున కూలి కోయని యజమాని ఉంటేనే ఆమె ఆగగలదు. తల్లి సంయమనం ఊరంతా కలిసి మోయాల్సిన ధర్మం.

ఆ ధర్మంలో మన వంతు చాలా దగ్గర్లోనే మొదలవుతుంది. బిడ్డను పరీక్షించి, మందు అవసరం లేదని చెప్పి, ఏ లక్షణాలు కనిపిస్తే తిరిగి రావాలో వివరించి పంపిన డాక్టరును మనం ఏమీ రాయలేదని తక్కువ చేసి, పక్క వీధిలో మూడు సీసాలు రాసిన వారిని గొప్ప చేస్తున్నాం. మనం దేన్ని మెచ్చితే అదే పెరుగుతుంది. ఫీజు తీసుకుని మందు రాయని డాక్టరును కృతజ్ఞతతో గౌరవించడం, సిరప్ పట్టలేదా అని కోడలిని నిలదీయకపోవడం, బిడ్డ ఎన్నిసార్లు పాలు తాగిందని మాత్రం తప్పక అడగడం మనం చేయాల్సిన పనులు. ప్రేమను చేసిన పనుల సంఖ్యతో కొలవడం మానితేనే, బిడ్డకు నిజంగా ఏం కావాలో మనకు కనబడుతుంది.