ఆదాయం పక్కనే వ్యయం

ఉగాదినాడు గుళ్లో పంచాంగ శ్రవణానికి కూర్చున్నవాళ్లలో చాలామంది ఎదురుచూసేది ఆదాయ వ్యయాల కోసమే. వానలెలా ఉంటాయి, ఏ పంట పండుతుంది, రాజెవరు, మంత్రెవరు, ఇవన్నీ అయ్యేదాకా ఓపిగ్గా ఉండి, రాశులు మొదలవగానే చెవులు రిక్కిస్తారు. ఆదాయం 2, వ్యయం 14 అని వినబడితే మొహం చిన్నబోతుంది. తారుమారైతే పక్కవాళ్ల వైపు చూసి నవ్వుకుంటారు. నాకు జాతకాల మీద నమ్మకం లేదు. అయినా ఆ పట్టిక అమర్చిన తీరులో గొప్ప తెలివి ఉందని అనిపిస్తుంది. ఆదాయం మాత్రం చదివేసి లేచిపోయే పంతులుగారు ఎక్కడా ఉండరు. ఆదాయం వెంటనే వ్యయం, రాజపూజ్యం వెంటనే అవమానం. వచ్చేదీ పోయేదీ కలిపి చెప్పడమే అక్కడి పద్ధతి.

జనవరి 1న మనం రాసుకునే పట్టికలో ఆ రెండో గడి ఉండదు. రోజూ గంట నడక, నెలకు రెండు పుస్తకాలు, పది కిలోలు తగ్గడం, ఇంగ్లీషు ధారాళంగా మాట్లాడటం, పిల్లలతో ఎక్కువసేపు గడపడం. అన్నీ ఆదాయాలే. నడకకు కావలసిన ఆ గంట ఎక్కణ్ణుంచి వస్తుందో రాయం. నిరుడు అది ఖాళీగా లేదు కదా. అందులో నిద్రో, వంటో, ఫోనో, పెద్దవాళ్లతో కబుర్లో ఏదో ఒకటి ఉంది. కొత్త పని లోపలికి రావాలంటే ఆ ఉన్నది బయటికి పోవాలి. ఏది పోవాలో మనం తేల్చుకోకపోతే, అడ్డు చెప్పలేనిదే ముందు పోతుంది. నిద్ర అడ్డు చెప్పదు. మంచం మీద కూర్చుని మన మాట కోసం చూసే ముసలి తండ్రి కూడా చెప్పడు.

ఎవరి గంటలోంచి తీస్తున్నాం అన్నది నాకు ఇంకా ముఖ్యమైన ప్రశ్న. ఒక ఇంట్లో భర్త మారథాన్‌కు తయారవుతున్నాడనుకోండి. తెల్లవారుజామున ఐదింటికి బూట్లు కట్టుకుని వెళ్తాడు, ఏడింటికి వస్తాడు. పట్టుదల మెచ్చుకోదగ్గదే. ఈలోగా ఇంట్లో పాలు కాగాయి, పిల్లల జడలు పడ్డాయి, క్యారేజీలు సర్దడమైంది, పంపు వచ్చే వేళకు నీళ్లు పట్టడమైంది. ఆదాయం ఆయన పేరున, వ్యయం ఆవిడ పేరున. ఆవిడ కూడా అదే వేళకు నడకకు వెళ్లాలనుకుంటే ఆ ఇల్లు ఎలా నడుస్తుందో ఒక్క క్షణం ఊహిస్తే లెక్క తేలిపోతుంది. ఆయన్ని పరుగెత్తొద్దని నేననను. ఆయన గుండె బాగుండటం ఆవిడకూ కావలసిందే. కానీ ఆ ఖర్చులో తన వాటా ఎంతో ఆవిడకు ముందు తెలియాలి, ఒప్పుకోవడానికీ కాదనడానికీ ఆవిడకు వీలుండాలి, మరో పూట ఆయన ఆ బాకీ తీర్చాలి. అడక్కుండా తీసుకున్న గంటలు ఏళ్ల తరబడి పేరుకుపోయిన ఇళ్లు నేను చాలా చూశాను. అక్కడ ఎవరూ పోట్లాడుకోరు. ఒకరు మాత్రం ఏ పట్టికా రాసుకోవడం ఎప్పుడో మానేసి ఉంటారు.

దూరాన ఉన్నవాళ్లకూ ఇదే వర్తిస్తుంది. డల్లాస్‌లో ఉన్న అబ్బాయి ఉద్యోగంలో పైకి రావడానికి శనివారం రాత్రులు ఒక కోర్సు చదవాలనుకుంటాడు. ఆ వేళ గుంటూరులో ఆదివారం ఉదయం. వారమంతా ఆ ఫోను కోసమే చూసే తల్లికి ఆ కోర్సు సంగతి చెబితే ఆవిడ సంతోషంగా మరో వేళ చెబుతుంది. చెప్పకపోతే ఆవిడకు తెలిసేది ఫోను రాకపోవడమే.

సమతుల్యం అనగానే జీవితాన్ని భాగాలు చేసి, ఆరోగ్యానికొకటి, డబ్బుకొకటి, కుటుంబానికొకటి, ఆధ్యాత్మికతకొకటి చొప్పున లక్ష్యాలు పంచుకోమనే సలహా ఎక్కడ చూసినా వినిపిస్తోంది. కాగితం మీద అందంగా ఉంటుంది. అన్నీ మోయవలసింది మాత్రం ఒక్క మనిషే. భగవద్గీత ఆరో అధ్యాయంలో తిండికీ నిద్రకూ మెలకువకూ పనికీ మితం ఉండాలన్న మాట ఉంది. ఆ మితం అందరికీ, అన్ని ఏళ్లకూ ఒకటే కొలత అని నేను అర్థం చేసుకోను. పదో తరగతి బిడ్డ ఉన్న ఇల్లు, మంచం పట్టిన పెద్దాయన ఉన్న ఇల్లు, అప్పుడే పురుడు పోసుకున్న ఇల్లు ఏడాదంతా ఒక పక్కకే ఒరిగి ఉంటాయి. అలా ఒరగడం తప్పు కాదు. ఈ ఏడు నా సమయమంతా అమ్మ వైద్యానికే పోతుంది, ఇంకేమీ నెత్తిన పెట్టుకోను అని తెలిసి అనుకున్న మనిషి జీవితం నా దృష్టిలో చక్కగా సమతుల్యంలోనే ఉంది. అలాంటివాళ్లు కూడా జనవరి రాగానే, ఈసారీ ఏమీ సాధించలేకపోయాం అని నొచ్చుకుంటుంటే నాకు బాధగా ఉంటుంది.

అంకెల దగ్గర మరీ జాగ్రత్త అవసరం. రోజుకు పదివేల అడుగులు అన్నది ఇవాళ ప్రతి ఫోనులోనూ, ప్రతి వాచీలోనూ ఉంది. అది వైద్యశాస్త్రం తేల్చిన అంకె అనుకుంటాం. టోక్యో ఒలింపిక్స్ జరిగిన మరుసటేడు, 1965లో, జపాన్ కంపెనీ ఒకటి అడుగులు లెక్కపెట్టే పరికరాన్ని పదివేల అడుగుల మీటరు అన్న అర్థం వచ్చే పేరుతో అమ్మింది. అంకె ముందు వచ్చింది, పరిశోధనలు ఆ తరవాత వచ్చాయి. హార్వర్డ్‌కు చెందిన ఐ-మిన్ లీ బృందం 2019లో ప్రచురించిన అధ్యయనంలో సగటున 72 ఏళ్ల వయసున్న 16 వేలమందికి పైగా అమెరికన్ స్త్రీల అడుగులు లెక్కపెట్టారు. రోజుకు 2,700 అడుగులు వేసేవాళ్లకన్నా 4,400 వేసేవాళ్లలో మరణాలు బాగా తక్కువ. ఆ లాభం పెరుగుతూ పోయి 7,500 దగ్గర దాదాపు ఆగిపోయింది. ఇది ఆ వయసు స్త్రీల లెక్క, అందరికీ అంటగట్టకూడదు. అయినా డెబ్భై దాటిన మన అత్తో పిన్నో మోకాళ్ల నొప్పితో డాబా మీద ఆ చివరి రెండున్నర వేల అడుగుల కోసం తిరుగుతుంటే, ఆ సమయం ఆవిడకు ఇంకెందుకైనా కావాలేమో అడగాలనిపిస్తుంది. ఆవిడ మనసు పూలు కట్టడం మీద ఉండొచ్చు, మనవరాలితో అష్టాచెమ్మా మీద ఉండొచ్చు.

ఇలా లెక్కలు వేసుకుంటూ పోతే ఎవరూ ఏ పెద్ద పనికీ పూనుకోరు కదా అని అనిపించవచ్చు. ఆ సందేహం నాకూ వస్తుంటుంది. అప్పుడల్లా గిడుగు రామమూర్తి పంతులుగారు గుర్తొస్తారు. తెలుగువాళ్లకు ఆయన వ్యావహారిక భాషోద్యమం వల్ల బాగా తెలుసు. అంతకన్నా ముందే, పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూ, చుట్టుపక్కల కొండల్లోని సవరల భాష నేర్చుకోవాలని పూనుకున్నారాయన. లిపి లేదు, వ్యాకరణం లేదు, నిఘంటువు లేదు. ఆ భాష తెలిసినవాళ్లను పట్టుకుని, కొండల్లో తిరిగి, ఒక్కొక్క మాటా పోగుచేశారు. ఆ తిరుగుళ్లలో మలేరియా పట్టుకుంది. దానికి వాడిన క్వినైన్ వల్ల చెముడు వచ్చింది. భాష వినడానికి బయల్దేరిన మనిషికి వినికిడే పోవడం! ఇంతకన్నా పెద్ద వ్యయం ఏముంటుంది? ఆయన పని ఆపలేదు. సవర భాషా వ్యాకరణం 1931లో, సవర నిఘంటువు 1938లో అచ్చయ్యాయి. 1940లో ఆయన పోయారు. మొదలుపెట్టిన నాటినుంచి నిఘంటువు చేతికొచ్చేదాకా నాలుగు దశాబ్దాల పైమాటే.

అందరూ చెవులు పోగొట్టుకోవాలని నేననడం లేదు. అంత ధర పడుతుందని ఆయనకూ ముందు తెలియదు. తెలిశాక కూడా ఆ పనినే ఎంచుకోవడం నన్ను కదిలిస్తుంది. అర్థవంతమైన లక్ష్యానికి నాకు తెలిసిన గుర్తు ఇదొక్కటే. వ్యయం గడి నింపి, దాన్ని తేరిపార చూసి, అప్పటికీ ఇది కావాలి అనిపించాలి. పది కిలోలు, నెలకు రెండు పుస్తకాలు లాంటివాటిలో చాలా భాగం ఆ చూపుకు నిలవవు. నిలిచినవి ఒకటో రెండో ఉంటాయి, అవి తరచు ఒక్క ఏడాదిలో పట్టవు. సవర నిఘంటువును ఒక డైరీలో ఇరికించడం కుదరదు. ఈ ఏడు నా వంతు ఎంత అని మాత్రమే అడగగలం.

రాజపూజ్యం, అవమానం అన్న జంట కూడా నాకు ఇష్టం. నడివయసులో ఏదైనా కొత్తగా నేర్చుకోవాలంటే అవమానం గడిలో కొంత రాసుకోవలసిందే. యాభై దాటాక వీణ పట్టిన ఒకావిడ నాకు తెలుసు. ఎనిమిదేళ్ల పిల్లల పక్కన కూర్చుని సరళీస్వరాలు వాయిస్తుంది. ఆవిడ తప్పు చేస్తే పిల్లలు సరిదిద్దుతారు. మొదట్లో ఇంటికొచ్చి కళ్లనీళ్లు పెట్టుకునేదట. ఇప్పుడు వాళ్లనే మళ్లీ చూపించమని అడుగుతుంది. ఆవిడ వీణ నేర్చుకుంటున్న సంగతి చుట్టాల్లో సగంమందికి తెలియదు. రాజపూజ్యం కోసం పెట్టుకున్న లక్ష్యమైతే మొదటి వారమే ఫొటోలు వచ్చేవి, రెండో నెలకే వీణ మంచం కిందికి పోయేది.

మనకు కొత్త సంవత్సరాలు రెండు ఉండటం అదృష్టమని నా అభిప్రాయం. జనవరి 1కీ ఉగాదికీ మధ్య రెండున్నర నుంచి మూడు నెలల పైచిలుకు ఉంటుంది. ఒక అలవాటు నిలుస్తుందో లేదో తెలియడానికి అది సరిపోయే వ్యవధి. యూనివర్సిటీ కాలేజ్ లండన్‌లో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని 12 వారాలపాటు గమనించి చూస్తే, కొత్త పని అలవాటుగా మారడానికి సగటున 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజులే చాలాయి, కొందరికి 254 దాకా పట్టేట్టు లెక్క తేలింది. మధ్యలో ఒకరోజు తప్పితే అలవాటుకు పెద్ద నష్టం జరగలేదు. సంక్రాంతికి ఊరెళ్లి నాలుగు రోజులు నడక మానేశామని జనవరి నెలాఖరుకే చేతులెత్తేసేవాళ్లకు ఈ మాట చెప్పాలి. ఉగాదికి పట్టిక మళ్లీ తీసి, అనుకున్న వ్యయమెంత, అయిందెంత చూసుకుని, మోయలేనిదాన్ని సిగ్గుపడకుండా కొట్టేయవచ్చు.

ఈ ఏడు నేను ఒక్కటే రాసుకున్నాను. కవిత్రయ భారతంలో తిక్కనగారు రాసిన పదిహేను పర్వాల్లో మొదటి రెండూ, విరాటపర్వం, ఉద్యోగపర్వం, నెమ్మదిగా చదవాలి. మిగతా పదమూడూ ముందు ముందు ఏళ్లవి. రాత్రి భోజనాలయ్యాక ఫోను చూసే సమయం దానికి పోతుంది. చెల్లెలితో ఆదివారం మాటలు ముట్టుకోను. మావారు పొద్దున్న నడక అన్నారు. ఇద్దరం కూర్చుని ఆ గంటలో ఇంట్లో ఏమేం జరుగుతాయో రాశాం. కాఫీ, పాలు నడక నుంచి వచ్చాక తానే చూసుకుంటానన్నారు. అత్తయ్యగారి మందులు ఆ వేళకే ఇవ్వాలి, అవి ఆయన వచ్చేదాకా ఆగవు. ఆ పని నేను ఒప్పుకున్నాను. ఆయన నడక పక్కన వ్యయం గడిలో నా పేరు, నా తిక్కన పక్కన రాత్రి గిన్నెలు సర్దేందుకు ఆయన పేరు రాసి, కాగితం ఫ్రిజ్ తలుపుకు అంటించాం.