171వ పేరు

1998లో ఉత్తర అమెరికా ఐస్ హాకీ లీగ్ యువ ఆటగాళ్ల ఎంపికలో పావెల్ దత్సుక్‌ది 171వ పేరు. ఆ బక్కపలచని కుర్రాడు ఆ లీగ్ ట్రోఫీ అయిన స్టాన్లీ కప్‌ను రెండుసార్లు గెలిచిన డెట్రాయిట్ జట్లలో ఆడాడు. మన విశాఖ క్రికెటర్ నితీశ్‌కుమార్ రెడ్డినీ హైదరాబాద్ ఐపీఎల్ జట్టు కనీస ధర 20 లక్షల రూపాయలకే తీసుకుంది. అతనే 2024లో మెల్‌బోర్న్ టెస్టులో 114 పరుగులు కొట్టాడు.

బందరు, గుడివాడ, అవనిగడ్డ బడుల పీఈటీ మాస్టార్లూ! మీ హాకీ సెలక్షన్లలోనూ గట్టిగా కొట్టేవాణ్ని ఎవరైనా గుర్తుపడతారు. కానీ బంతి తన కర్రకు చేరకముందే తలెత్తి, తోటివాళ్లు ఎక్కడున్నారో చూసుకునే పిల్ల ఒకతి ఉంటుంది. అసలు ప్రతిభ ఆ చూపులోనే ఉంది. నాగాయలంక, కోడూరు నుంచి బస్సులో వచ్చి అలసిన పిల్లల్ని ఒక్కపూట సెలక్షన్‌తో తేల్చేయకండి. దయచేసి రెండోసారి కూడా పిలిచి ఆడించండి.