ఈనాటి మాల ఈనాడే

శ్రీరంగనాథునకు తులసీమాలలు సమర్పించుటయే జీవితముగా గడపిన విప్రనారాయణుని చరిత్ర తెలుగువారికి క్రొత్తది కాదు. ఆళ్వారులలో నొకరైన ఆ మహనీయుని కథను కుతుబుషాహీల కాలమున గోలకొండ స్థలకరణముగా నుండిన సారంగు తమ్మయ ‘వైజయంతీవిలాసము’ అను ప్రబంధముగా రచించెను. ఆ గోలకొండకు కొలది దూరముననే నేడు చలనచిత్ర పరిశ్రమకు నిలయమైన జూబ్లీహిల్స్, ఫిలింనగర్ ఉన్నవి. పరిశ్రమ మదరాసున నున్న దినములలో, 1954లో, భరణీ సంస్థవారు ఈ కథనే చిత్రముగా తీసిరి.

అందు విప్రనారాయణుడుగా నటించినవారు అక్కినేని నాగేశ్వరరావుగారు. అంతకు ముందటి సంవత్సరము, 1953లో, వారే దేవదాసుగా కనిపించిరి. ముఖ మొక్కటే, కథలు రెండు. దేవదాసు మద్యమునకు లోబడి తుదకు పార్వతి యింటి వాకిట ప్రాణము విడిచెను. విప్రనారాయణుడు వ్యామోహములో పడి కైంకర్యమును మరచెను. దొంగ యను నిందను మోసెను. అయినను మరల లేచెను. లోకము మొదటివానినే ఎక్కువగా తలచుకొనును. పడుటలో ఏదో సౌందర్యమున్నట్లు మనకు తోచును. ఆ భ్రమకు మూల్యము మాత్రము మిక్కిలి పెద్దది. నాడు పార్వతిగా నటించిన మహానటి సావిత్రిగారు మద్యముచే ఆరోగ్యము చెడి, నెలల తరబడి స్పృహ లేకుండి, 1981 డిసెంబరు 26న కన్నుమూసిరి. వారి దోషము నెంచుట నా ఉద్దేశము కాదు. అంతటి ప్రతిభ, అంతటి దానగుణము గలవారిని సైతము విడువని వ్యాధి యిది యని చెప్పుటయే నా ఉద్దేశము.

నేనును ఆ వ్యాధి ననుభవించినవాడను. ఫిలింనగర్ ఎడిటింగు గదులలో ఇరువది యేండ్లు పనిచేసితిని. మా వృత్తిలో చిత్రము విడుదలకు ముందు నెలరోజులు నిద్ర యుండదు. విడుదలైన పిదప మూడు నెలలు పని యుండదు. పని యున్నప్పుడు అలసట తీరుటకు, లేనప్పుడు దిగులు తీరుటకు త్రాగితిని. చిత్రము ఆడిన త్రాగితిని, ఆడకున్నను త్రాగితిని. కారణము మారుచుండెను గాని సీసా మారలేదు. విషయములను తలపోయుటతో మొదలై బుద్ధినాశము వరకు దిగు మెట్లను గీతాచార్యుడు రెండవ అధ్యాయమున వరుసగా చూపెను. నేనా మెట్ల నన్నింటిని దిగితిని.

నా భార్య పసుపుగుడ్డలో ముడుపు కట్టి ఏడుకొండలవానికి మ్రొక్కుకొనెను. అది చూచి సిగ్గుపడి, ఆ క్షణము నుండియే మానుదునని ప్రతిజ్ఞ చేసితిని. వైద్యునితో చెప్పలేదు. మరునాటికి చేతులు వణకసాగినవి. మూడవనాటి రాత్రి మూర్ఛ వచ్చి నేలపై పడితిని. ఆసుపత్రిలో తెలిసినదేమన, ఏండ్ల తరబడి త్రాగినవాని మెదడు మద్యమునకు అలవడియుండును. హఠాత్తుగా మానినచో వణకు, మూర్ఛ, భ్రాంతి కలిగి ప్రాణమునకే ముప్పు రావచ్చును. కావున అట్టివాడు వైద్యుని పర్యవేక్షణలోనే మానవలెను. మ్రొక్కు గొప్పదే. కాని అమృతకలశముతో అవతరించిన ధన్వంతరియు విష్ణువే గదా! మందు మ్రింగుట భక్తికి లోపము కాదు.

ఆసుపత్రి నుండి వచ్చినది మొదలు, మా పేటలోని ఒక దేవాలయమున ఉదయము పూలమాలలు కట్టు పనిలో చేరితిని. ఏడు నెలలు నిలిచితిని. పిమ్మట ఒక చిత్ర విజయోత్సవపు విందులో ఒక్క గ్లాసే యనుకొని పుచ్చుకొంటిని. తెల్లవారునప్పటికి ఎక్కడ నుంటినో నాకే తెలియలేదు. నాలుగు దినములు కోవెల ముఖము చూడలేదు. ఐదవనాడు అర్చకస్వామి కబురంపిరి.

“స్వామీ! ఈ చేతులు మాల కట్టుటకు తగవు. ఏడు నెలల శ్రమ బూడిదలో పోసిన పన్నీరైనది” అంటిని.

వారు ప్రక్కనున్న గంపను చూపిరి. “నాయనా, నిన్న కట్టిన మాల యేమైనది?”

“నిర్మాల్యమైనది స్వామీ.”

“అది యెంత చక్కగా కట్టినదైనను నేటికి పనికిరాదు. నిన్న మాల కట్టలేదని నేటి మాలను మానుట కూడ లేదు. ఈనాటి మాల ఈనాడే కట్టవలెను. కూర్చుండుము.”

నా వ్యాధికి సంబంధించి నేను విన్న ఉపదేశములలో ఇంతకు మించినది లేదు. మానితినను గర్వము నిన్నటి మాల వంటిది. పడితినను దుఃఖమును అట్టిదే. రెండును నిర్మాల్యములే. ఎదుట నున్నవి నేటి పూలు, నేటి దారము మాత్రమే.

విప్రనారాయణుడు చేసినదియు ఇదియే. రంగనాథుడు తనను ఉద్ధరించిన పిదప ఆయన క్రొత్త వేషము ధరింపలేదు. ఆ తోటకే, ఆ మాలలకే తిరిగి వచ్చెను. భక్తుల పాదధూళి యను అర్థముగల తొండరడిప్పొడి యను పేరును వహించెను. తిరుమాల అను 45 పాశురములతో పాటు, ప్రభువును మేలుకొలుపు తిరుప్పళ్ళియెళుచ్చి యను 10 పాశురములను పాడెను. త్రాగువానికి తెల్లవారుట కంటె దుర్భరమైన వేళ లేదు. ఉదయములను పోగొట్టుకొన్నవాడే స్వామికి ఉదయగీతము పాడుట యెంతటి అనుగ్రహము!

శరణాగతికి చెప్పబడిన ఆరు అంగములలో కార్పణ్య మొకటి. నా బలముతో నేను నిలువలేనని ఒప్పుకొనుటయే కార్పణ్యము. ఇది సిగ్గు కాదు. సిగ్గు మనలను చీకటిలో దాచును. కార్పణ్యము రక్షకుని ఎదుట నిలుపును. గజేంద్రుడు సొంత బలముతో పోరాడినంత కాలము మొసలి పట్టు సడలలేదు. 1935లో అమెరికాలోని ఆక్రన్ నగరమున ఇద్దరు మద్యపీడితులు, ఒకరు షేర్ల వ్యాపారి, మరొకరు శస్త్రవైద్యుడు, ఒకరి కష్టము నొకరు చెప్పుకొనుటతో ‘ఆల్కహాలిక్స్ అనానిమస్’ సంఘము ఆరంభమైనది. ఆ సంఘము బోధించు మొదటి మెట్టును తన నిస్సహాయతను ఒప్పుకొనుటయే. వారి సమావేశములు మన హైదరాబాదునను జరుగుచున్నవి, రుసుము లేదు. తోడివాని మాట వినుచు కూర్చుండినప్పుడు, పాదధూళి యను పేరు ఆళ్వారు ఏల కోరెనో నాకు కొంత బోధపడినది.

గృహస్థులకు ఒక విన్నపము. మీ యింట ఇట్టివా డున్నచో దాచకుడు, నలుగురిలో నిందింపకుడు. అతడు స్వస్థతతో నున్న వేళ మాటలాడి వైద్యుని కడకు తీసికొనిపొండు. ఎఱ్ఱగడ్డలో ప్రభుత్వ మానసిక చికిత్సాలయ మున్నది. వ్యసనవిముక్తికై 14446, మనోవేదనకై ‘టెలి మానస్’ వారి 14416 అను ప్రభుత్వ సహాయ సంఖ్యలు ఉన్నవి. అతడు మరల పడినను తలుపు మూయకుడు. అతని భారము మోయుచున్న ఇల్లాలి మనస్సును కూడ ఎవరైన విచారింపవలెను. ఆమె నిద్ర, ఆమె కన్నీరు ఎవరి లెక్కకును రావు.

నేను మరల కూర్చుండి మాల కట్టి తొమ్మిదేండ్లయినది. ముడుపు చెల్లించుటకు తిరుమలకు పోయిననాడు నా భార్య, “ఇక భయము లేదు గదా?” అని అడిగెను. లేదని చెప్పలేకపోతిని. “ఈ దినమునకు లేదు” అంటిని. ఆమె నవ్వి, ఆ ముడుపును నా చేతనే హుండీలో వేయించెను.

నేడును తెల్లవారుజామున లేచితిని. మాల కట్టితిని. రేపటి పూలను రేపు ఆ స్వామియే పూయించును.