ఒక త్రాటి ప్రయాణికుల ధర్మము

పలువురు గూడి యొక్క త్రోవ నడచునపుడు ఎవ్వరి యడుగు ప్రమాణము కావలెను? ముందు నడచువానిదని యుత్సాహవంతులును, వెనుకబడువానిదని దయాళువులును జెప్పుదురు. సంఘసంస్కరణమున మన కెదురగు చిక్కులలో ననేకము లీ ప్రశ్నమునుండియే పుట్టుచున్నవి. పర్వతయాత్రలయం దిది మాటలతో దాటవేయరాని ప్రశ్నము. ఏలయన, అచ్చట సహచరులు నిజముగనే నడుములకు ఒక్క త్రాడు గట్టుకొని నడతురు.

స్విట్జర్లాండు దేశమున జెర్మాట్ గ్రామమునకు మీదుగా గోర్నర్‌గ్రాట్ అను కొండవెన్ను గలదు. దాని యెత్తు 3,135 మీటర్లు. 1898వ సంవత్సరము మొదలు అచ్చటికి రైలు నడచుచున్నందున, కాలు కదపకయే శిఖరదర్శనము గోరువారికి లోటు లేదు. క్రింద గోర్నర్ హిమానీనదము, ఎదుట మోంటీరోజా శిఖరసముదాయము, పడమట నొంటరిగా 4,478 మీటర్ల మాటర్‌హార్న్. మేమును మిత్రులు కొందఱును ఆ ప్రాంతమున నొక దినమెల్ల కాలినడకను గడపితిమి. మంచు ఏటేట గరగి క్రుంగుచుండుటచే ఒడ్డునుండి దానిపైకి దిగుటయే యొక పెద్ద పనియైనది. మార్గదర్శకుడు మాకు జెప్పిన దిది: మంచుగడ్డ కప్పులేక యున్నచోట నెఱ్ఱెలు కంటికి గనబడును, అచ్చట భయము తక్కువ, క్రొత్తమంచు పఱచుకొన్నచోట నెఱ్ఱె కనబడదు, అచ్చటనే త్రాడు కావలెను, ఆ త్రాడును వదులుగా నుండనీయరాదు, వదులైనకొలది పడినవాని పాటు దీర్ఘమగును. సభల కధ్యక్షత వహించుట కలవాటుపడిన మా మిత్రు డొకరు, వెనుకనున్న వృద్ధుని యాయాసముచే తాము పది యడుగుల కొకసారి నిలువవలసివచ్చెనని కొంత చిన్నబోయిరి. త్రా డధ్యక్షుల నెఱుగదు గదా.

ఎదుట గనబడు మాటర్‌హార్నును మనుష్యులు మొదటిసారి యెక్కినది 1865 జూలై 14వ తేదీన. ఎడ్వర్డు వింపర్ అను నిరువదియైదేండ్ల యాంగ్లేయుడు, హడ్సన్ అను మతాచార్యుడు, ఫ్రాన్సిస్ డగ్లస్ ప్రభువు, పందొమ్మిదేండ్ల హాడో, మార్గదర్శకులగు మిషెల్ క్రోజ్, టాగ్వాల్డర్ తండ్రికొడుకులు, మొత్తము ఏడుగురు. ఇటలీవైపునుండి వేఱొక జట్టు అదే శిఖరమునకై యెక్కుచుండెను గనుక తొందర మెండు. హాడోకు కొండలయం దనుభవ మల్పము. అతడు తగునా యని వింపర్ అడుగగా, మాంట్ బ్లాంక్ శిఖరమును పెక్కుమందికంటె త్వరగా నెక్కినవాడని హడ్సన్ సమాధాన మిచ్చెనట. శిఖరము దగ్గఱపడగనే వింపరును క్రోజును త్రాడు విడిచి, పరుగుపందెము వేసికొని, ఒక్కమాఱే పైకి జేరిరి. దీనిని వింపరే తన గ్రంథమున సంతోషముతో వ్రాసికొనెను.

దిగునపు డందఱును ఒక్క త్రాటనే యుండిరి. బలిష్ఠుడగు క్రోజ్ తన మంచుగొడ్డలిని ప్రక్కనుంచి, హాడో పాదముల నొక్కొక్కటిగ జేతులతో బట్టి రాతిపై నిలుపుచుండెను. పరుగుపందెము వేసినవాడే యీ సేవయు జేసెనని మఱువరాదు. హాడో జాఱి యతనిమీద బడెను. హడ్సనును డగ్లసును లాగబడిరి. పైనున్న ముగ్గురు నిలద్రొక్కుకొనిరిగాని, డగ్లసునకును పెద్ద టాగ్వాల్డరునకును నడుమ త్రాడు తెగెను. నలుగురును దాదాపు 1,200 మీటర్లు పడి మరణించిరి. డగ్లసు శరీరము దొరకనే లేదు.

జెర్మాట్‌లో విచారణ జరిగెను. పెద్ద టాగ్వాల్డరును ప్రశ్నించి నిర్దోషియని తేల్చిరి. అయినను, తన ప్రాణమునకై త్రాడు గోసెనను నపవాదము అతనిని విడువలేదు. తెగిన త్రాటితునుక నేడును అచ్చటి ప్రదర్శనశాలలో నున్నది. న్యాయస్థానములయందు దినములు గడపు మాకు తోచున దేమన, చట్టము త్రాడు తెగిన క్షణమును విచారించును; ధర్మము త్రాడు గట్టుకొన్న యుదయమును విచారింపవలెను. హాడో ఇష్టపడియే వచ్చెనందురు. 1872 నాటి భారత ఒడంబడికల చట్టము సయితము, ఇరువురును ఒకే విషయమును ఒకే యర్థమున నంగీకరించినగాని సమ్మతి లేదనుచున్నది. దిగుటలోని కష్ట మెఱుగని బాలుని ఇష్టము ఏపాటి సమ్మతి?

అందఱికంటె నెమ్మదియైనవానికై నిలిచినచో ఏ సంస్కారమును జరుగదని కొంద ఱాక్షేపింతురు. నిలువుమని మేము చెప్పుట లేదు. కట్టుకొనకముందు నెఱ్ఱెల సంగతి చెప్పుమనియు, కట్టుకొన్న పిమ్మట శిఖరము గనబడెనని త్రాడు విడిచి పరుగిడవలదనియు మాత్రమే చెప్పుచున్నాము. 1881 డిశంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారు మొదటి వితంతువివాహము జరిపించినప్పుడు, వంటవారును నీళ్లు మోయువారును తొలగిపోగా, రాజ్యలక్ష్మమ్మగారు తామే గోదావరినుండి నీళ్లు మోసి వంట చేసిరి. ఆమె యెఱిగి త్రాడు గట్టుకొన్నవారు. పంతులుగారి కీర్తిలో సగమైనను ఆ బిందెలమీద నిలిచియున్నది.

నేడును కులాంతరవివాహముల నభినందించుచు సభలలో మాటలాడు గృహస్థులు మనలో పెక్కుమంది గలరు. ఆ యుపన్యాసమునకు ముందు భార్యను గూర్చుండబెట్టుకొని, బంధువుల యిండ్ల శుభకార్యములకు మన కిక పిలుపు రాకపోవచ్చును, చిన్నదాని సంబంధము చిక్కున బడవచ్చును, నీ పుట్టింటివారు గడప ద్రొక్కకపోవచ్చును అని విడమఱచి చెప్పి, ఆమె కాదన్నచో నా మాటను విన సిద్ధపడువారు మాత్ర మరుదు.