స్తోత్రంగా మారిన మాట

మా నాయనమ్మ రాత్రి ప్రార్థనకు ఒక వరస ఉండేది. అన్నాలు అయ్యాక గిన్నెలు కడిగి బోర్లించి, కొంగు తలమీదికి లాక్కుని, గోడకు ఆనుకుని కూర్చునేది. ముందు తాతయ్య పేరు. తర్వాత కొడుకులు, పుట్టిన వరసలో. ఆపైన సత్తుపల్లి వైపు ఇచ్చిన కూతురు, అల్లుడు, మనవలు. వాళ్ల వెనుక మిర్చి తోట, పక్కింటోళ్ల చూడి గేదె, సాగర్ కాలవ నీళ్లు ఇంకా అందని చివరి చేలు. ప్రతి పేరు చివరా ఒకటే మాట: "కాపాడయ్యా." తల్లాడ దగ్గరి మా ఊళ్లో కరెంటు పోయిన రాత్రుల్లో ఆ మాట వింటూ వింటూనే మేం నిద్రలోకి జారుకునేవాళ్లం.

తాతయ్య మంచాన పడ్డాక ఆ వరసలో ఆయన పేరు దగ్గరే ఎక్కువసేపు ఆగేది. మూడు నెలలు ఆసుపత్రుల చుట్టూ తిరిగాం. సంఘమంతా ఉపవాస ప్రార్థన పెట్టింది. అయ్యగారు నూనె రాసి ప్రార్థించారు. తాతయ్య పోయాడు. సమాధుల తోటలో, వేపచెట్టు పక్కన పెట్టెను దించాం. మూడో రోజు ఆదరణ కూడిక అయింది, చుట్టాలు బస్సులెక్కి వెళ్లిపోయారు. ఆ రాత్రి నాయనమ్మ ఎప్పటిలాగే గోడకు ఆనుకుంది. మాకు ఊపిరాడలేదు. మొదటి పేరు ఏమవుతుంది? దాటేసి పెద్దకొడుకు దగ్గర మొదలుపెడుతుందా?

తాతయ్య పేరే ముందు వచ్చింది. చాలాసేపు ఆగింది. తర్వాత "స్తోత్రమయ్యా" అంది.

పేరు ఉన్నచోటే ఉంది. దాని చివరి మాట ఒక్కటే మారింది. అంతవరకు కాపాడమని అడిగిన మనిషిని కాపాడటం పూర్తయింది కాబట్టి ఇక అడిగేది లేదు, ఒప్పగించి వందనం చెప్పడమే ఉంది. మరణం తర్వాతి నిరీక్షణ గురించి నేను చాలా ప్రసంగాలు విన్నాను. ఆ రాత్రి అర్థమైనంత మరెప్పుడూ అర్థం కాలేదు.

అలాగని ఆమె ఏడవలేదనుకోకండి. తెల్లవారుజామున దొడ్లో, ఎవరూ లేనప్పుడు, చాలా నెలలు ఏడ్చింది. ఇక్కడ ఒక మాట గట్టిగానే చెప్పాలి. మన సంఘాల్లో చావింటికి వెళ్లినవాళ్లు "విశ్వాసులం, ఏడవకూడదు" అంటుంటారు. ఓదార్పు అనుకునే అంటారు గానీ అది గాయం మీద కారం. లాజరు సమాధి దగ్గర యేసు కన్నీళ్లు పెట్టుకున్నాడని యోహాను సువార్త పదకొండో అధ్యాయం చెబుతుంది. ఇంకాసేపట్లో అతణ్ణి పేరుపెట్టి బయటికి పిలవబోతున్నానని ఆయనకు తెలుసు, అయినా ఏడ్చాడు. థెస్సలొనీక సంఘానికి రాస్తూ పౌలు కూడా దుఃఖమే వద్దనలేదు. నిరీక్షణ లేనివాళ్లలా దుఃఖపడొద్దన్నాడు. ఆ రెండింటికీ చాలా తేడా ఉంది. మొదటిది మనిషి నోరు నొక్కేస్తుంది. రెండోది ఏడుస్తున్న మనిషి పక్కన కూర్చుంటుంది.

అయినా ఒక ప్రశ్న మిగిలే ఉంటుంది. అంత ప్రార్థించాం కదా, అదంతా ఎక్కడికి పోయింది? చిన్నప్పుడు నేను నాయనమ్మను అడిగాను. ఆమె జవాబు చెప్పలేదు, నా తల నిమిరింది. నాకు జవాబు లాంటిది దొరికింది చాలా ఏళ్ల తర్వాత, దుమ్ముగూడెంలో.

తల్లాడ నుంచి ఏన్కూరు, జూలూరుపాడు మీదుగా కొత్తగూడెం దారి పడితే పొలాలు పలచబడి అడవి మొదలవుతుంది. భద్రాచలం దాటి గోదావరి వెంట ఎగువకు వెళితే దుమ్ముగూడెం. అక్కడ నదికి అడ్డంగా పాత ఆనకట్ట ఉంది. ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన ఆర్థర్ కాటన్ కల అది. గోదావరిలో బండరాళ్లు అడ్డుపడే చోట్ల కాలవలు, లాకులు కట్టి, నాగపూర్ వైపు పత్తిని పడవల మీద సముద్రం దాకా తేవాలన్నది ఆలోచన. ఆ పనులు చూడటానికి 1850ల చివర్లో వచ్చిన ఇంజనీరు ఎఫ్.టి. హేగ్. చుట్టూ కోయగూడేలు, మన్యం జ్వరాలు. ఈ కోయలకు సువార్త చెప్పేవాళ్లు ఒక్కరూ లేరే అని ఆయన మనసు కలత పడింది. తోటి అధికారులతో కలిసి ప్రార్థన మొదలుపెట్టాడు. ఎవరినైనా పంపమని మిషన్ సంఘాన్ని అడిగాడు. పంపడానికి వాళ్ల దగ్గర మనిషి లేడు.

మనిషి దొరికింది ఆయన కొలువులోనే. ఆ పనుల్లో ఉద్యోగి వెంకటరామరాజు, రాజపుత్ర కుటుంబంలో పుట్టినవాడు. క్రీస్తును నమ్మి బాప్తిస్మం తీసుకున్నాడు. జీతం దండిగా వచ్చే కొలువు వదులుకుని కోయల మధ్య బోధకుడయ్యాడు, తర్వాత గురువుగా అభిషేకం పొందాడు. పై ఊళ్ల నుంచి, పై దేశాల నుంచి రావాలని హేగ్ ఎదురుచూసిన జవాబు ఆయన కళ్లముందే పని చేస్తోంది. ఆ తర్వాత వచ్చిన మిషనరీ జాన్ కెయిన్ దుమ్ముగూడెంలో చాలా ఏళ్లు పనిచేశాడు. కోయ మాట నేర్చుకున్నాడు, వాళ్ల ఆచారాల గురించి 'ఇండియన్ యాంటిక్వెరీ' పత్రికలో వ్యాసాలు రాశాడు.

పడవల పథకం మాత్రం నిలవలేదు. ఖర్చు ఎక్కువ, జ్వరాలు ఎక్కువ, పైగా రైలు వచ్చేస్తోంది. 1870ల మొదట్లోనే ప్రభుత్వం చేతులెత్తేసింది. అన్నేళ్ల రాళ్లపని వృథా అనుకున్నవాళ్లు అప్పుడు చాలామందే ఉండి ఉంటారు. హేగ్ పదవి విరమించాక, 1880ల మొదట్లో, దుమ్ముగూడెంలో మిషనరీ లేకుండా పోయినప్పుడు తానే తిరిగి వచ్చి కొంతకాలం ఆ పని చూశాడు. పడవలు తిరగని ఆ ఆనకట్ట పక్కనుంచే రోజూ నడిచి ఉంటాడు. ఇవాళ ఆ ఆనకట్ట ఎగువ నుంచే నీళ్లు తోడి ఖమ్మం పొలాలకు మళ్లించడానికి సీతారామ ఎత్తిపోతల పథకం చేపట్టారు. నూట యాభై ఏళ్ల కిందట పడవల కోసం పేర్చిన రాళ్లు, మా వైపు పొలాల తడి కోసం ఆగిన నీళ్లు! నాయనమ్మ ప్రార్థనలో ఉండే చివరి చేలు గుర్తొచ్చి అక్కడ నాకు మాట పెగల్లేదు.

హెబ్రీ పత్రిక పదకొండో అధ్యాయంలో అబ్రాహాము లాంటివాళ్ల గురించి రాస్తూ, వాళ్లు వాగ్దానాన్ని చేత పట్టుకోకుండానే, దూరం నుంచి చూసి సంతోషంగా పలకరించి చనిపోయారని ఉంటుంది. దూరం నుంచి పలకరించడం. మా వైపు బస్సు కదిలాక కిటికీలోంచి చెయ్యి ఊపుతాం, అలా. ప్రార్థన ఫలం మన ఆయుష్షు లోపలే చేతికి రావాలన్న లెక్క మనది. ఆయుష్షుతోనే అంతా అయిపోతుందనుకుంటే ఆ లెక్క సరే. అయిపోదని నమ్మినవాళ్లకు తొందర ఎందుకు?

ఇంకోవైపు డోర్నకల్‌లో కూడా నాకు ఇదే కనిపించింది. తిరునల్వేలి నుంచి వచ్చిన వి.ఎస్. అజరయ్య 1912 డిసెంబర్ 29న బిషప్ అయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో బిషప్ అయిన తొలి భారతీయుడు ఆయన. గుడి మండపం, మసీదు గుమ్మటం రెండూ గుర్తొచ్చేలా ఆయన కట్టించిన మహాదేవాలయం ఏళ్ల తరబడి లేచి, 1939 జనవరి 6న ప్రతిష్ఠ అయింది. 1945 జనవరి 1న ఆయన నిద్రించారు. అన్నం వండబోయే ముందు పిడికెడు బియ్యం దేవుడికని వేరే కుండలో వేసే అలవాటు ఆ సంఘాల్లో ఉండేది. కూలికి వెళ్లి తెచ్చిన గింజల్లోంచి తీసిన పిడికెడు. ఆ పిడికిళ్లలో ఎన్ని ఆ గుమ్మటాలను చూడకుండానే మట్టిలో కలిశాయో! నాయనమ్మకు కూడా అలాంటి కుండ ఒకటుండేది. గింజలు పడే చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

నాయనమ్మ పోయిన ఏడాది, చనిపోయినవాళ్లను తలుచుకునే నవంబర్ 2 సాయంత్రం మేమంతా సమాధుల తోటకు వెళ్లాం. ఊరంతా అక్కడే ఉంది. సున్నం వేసిన సమాధుల మీద బంతిపూలు, కొవ్వొత్తులు, పిల్లల పరుగులు. వేపచెట్టు పక్కన ఇప్పుడు రెండు సమాధులు. గాలికి కొవ్వొత్తి ఆరిపోతుంటే నాన్న అరచెయ్యి అడ్డుపెట్టి నిలబడ్డాడు. ఇంటికొచ్చి అన్నాలు తిన్నాక అమ్మ గిన్నెలు బోర్లించి, కొంగు తలమీదికి లాక్కుని, ఆ గోడకే ఆనుకుంది. ముందు తాతయ్య పేరు, "స్తోత్రమయ్యా." తర్వాత నాయనమ్మ పేరు పలికింది. ఇన్నేళ్ల అలవాటుకొద్దీ "కాపా..." అని నోట్లోంచి వచ్చేసింది. ఆగింది. కళ్లు తుడుచుకుంది.

"స్తోత్రమయ్యా" అంది. తర్వాత మా పేర్లు మొదలుపెట్టింది.