ప్లేడే నాడు కూడా మస్టరేనా?

ఈ వారం వీడియోలో భగవద్గీత పదిహేడో అధ్యాయం గురించి మాట్లాడుకున్నాం కదా. అందులో టైం సరిపోక చెప్పలేకపోయిన నా సొంత సంగతి ఒకటి ఇక్కడ రాస్తున్నాను. ఇది సినిమాల గురించే, కానీ చదివితే సినిమాలతో ఆగదని మీకే అర్థమవుతుంది.

మాది గోదావరిఖని. బాపు సింగరేణిలో కోల్ ఫిల్లర్‌గా చేరిండు. తట్టతో బొగ్గు ఎత్తి టబ్బు నింపే పని. ఎన్ని టబ్బులు నింపితే అంత కూలి. బొగ్గుబాయి ఇళ్లలో పెరిగినవాళ్లకి రెండు మాటల అర్థం చెప్పక్కర్లేదు. ఒకటి మస్టర్, రెండోది ప్లేడే. మిగతావాళ్ల కోసం చెప్తాను. మస్టర్ అంటే హాజరు. 1952 నాటి గనుల చట్టం ప్రకారం, భూగర్భంలో పనిచేసే కార్మికుడికి ఏడాదిలో 190 హాజర్లు పడితేనే జీతంతో కూడిన సెలవులకు హక్కు వచ్చేది. పైన పనిచేసేవాళ్లకైతే 240. అందుకే మా ఇంట్లో గోడ మీది క్యాలెండర్ నిండా బాపు పెట్టుకున్న పెన్సిల్ గీతలే ఉండేవి. ప్లేడే అంటే వారంలో సెలవు రోజు. ఆ రోజు డ్యూటీకి పిలిస్తే రెట్టింపు జీతం. పేరేమో ఆట రోజు. కానీ చాలామందికి అదే మంచి కూలి దొరికే పని రోజు.

బాపు కూడా ప్లేడేలు బాగానే చేసేవాడు. కానీ అప్పుడప్పుడు ఒక ఆదివారం "ఇయ్యాల పోను" అనేవాడు. తలస్నానం చేసి, కళ్ల అంచుల్లో కాటుకలా మిగిలిన బొగ్గుతోనే మమ్మల్ని సినిమాకి తీసుకుపోయేవాడు. రెట్టింపు జీతం పోయె, పైనుంచి టికెట్ల ఖర్చు అని అవ్వ గునిసేది. బాపు నవ్వి ఊరుకునేవాడు. సినిమా మీద నా ప్రేమ ఆ ఆదివారాల్లో పుట్టింది.

ఇప్పుడు నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాను. చూసిన ప్రతి సినిమాని ఒక యాప్‌లో ఎక్కించడం అలవాటైంది. మొదట సరదానే. తర్వాత ఏడాదికి 200 సినిమాలు అని టార్గెట్ పెట్టుకున్నా. వెనకబడితే రాత్రి పదకొండింటికి ఒకటి మొదలుపెట్టి, స్పీడ్ ఒకటిన్నర రెట్లు పెంచి ముగించేవాణ్ణి. అందరూ చూసేశారు కాబట్టి కొన్ని, చూడకపోతే ఆఫీసులో మాట కలవదు కాబట్టి కొన్ని. సినిమా నడుస్తుండగానే దాని గురించి ఏం రాయాలో మనసులో వాక్యాలు కట్టుకునేవాణ్ణి. ఒక్కోసారి కరెంటు పోతే, అమ్మయ్య ఇవాళ్టికి తప్పింది అనిపించేది. అక్కడే నాకు అనుమానం రావాలి. రాలేదు.

2023 మార్చి 30న నాని 'దసరా' విడుదలైంది. సింగరేణి బొగ్గు ప్రాంతం నేపథ్యంగా తీసిన సినిమా. అప్పుడు బాపు మా ఇంట్లోనే ఉంటే ఇద్దరం కలిసి పోయినం. బొగ్గు రైలు తెర మీదికి రాగానే బాపు సీట్లో ముందుకు జరిగిండు. నేనేమో వాక్యాలు కట్టుకుంటున్నా. బయటికొచ్చాక అడిగిన, "ఎట్లున్నది బాపు?"

"మనోళ్ల ముఖాలు కనవడ్డయ్ బిడ్డా. నీకెట్లనిపిచ్చింది?"

"త్రీ అండ్ హాఫ్."

"నేను మార్కులు అడగలే. ఎట్లనిపిచ్చిందని అడిగిన."

నా దగ్గర జవాబు లేదు. మెట్రోలో ఫోన్ తీసి సినిమా ఎక్కిస్తుంటే బాపు తొంగి చూసిండు. టార్గెట్ సంగతి చెప్పిన. కాసేపు ఊరుకుని అన్నడు, "అంటే మస్టర్ ఏసుకుంటున్నవ్. మరి జీతం ఎవలిస్తరు?"

టబ్బులు లెక్కపెట్టి బతికిన మనిషి అడిగిన ప్రశ్న అది. ప్లేడే చేసినవాడికి రెట్టింపు కూలైనా దక్కింది. నా ఆట రోజును నేను ఊరికే రాసిచ్చిన.

మీలో చాలామందికి ఇలాంటిది ఒకటి ఉండే ఉంటుంది. పుస్తకాలు, పరుగు, గేమింగ్, ఫొటోలు, వంట. ఇష్టంతో మొదలైనది పనిలా ఎందుకు మారుతుంది? కష్టం పెరిగినందుకా? అలా అనిపించదు. కోలాటం నేర్చుకునే పిల్లలు గంటల తరబడి చెమటలు కక్కుతారు, అయినా అది వాళ్లకి ఆటే. ఆటను చంపేది కష్టం కాదు, ఖాతా.

1973లో అమెరికాలో లెపర్, గ్రీన్, నిస్బెట్ అనే పరిశోధకులు బొమ్మలు గీయడం ఇష్టమున్న చిన్నపిల్లలతో ఒక ప్రయోగం చేశారు. కొందరికి గీస్తే బహుమతి పత్రం ఇస్తామని ముందే చెప్పారు. కొందరికి చెప్పకుండా చివర్లో ఇచ్చారు. కొందరికి ఏమీ ఇవ్వలేదు. కొన్నాళ్ల తర్వాత చూస్తే, ముందే మాట తీసుకుని గీసిన పిల్లలే ఖాళీ సమయంలో బొమ్మల జోలికి తక్కువగా వెళ్లారు. చెప్పకుండా బహుమతి అందుకున్నవాళ్లకి ఇష్టం తగ్గలేదు. అంటే తేడా బహుమతిలో లేదు, దాని కోసం గీయడంలో ఉంది.

గీత పదిహేడో అధ్యాయం యజ్ఞం గురించి చెప్పేది దీనికి ఎంత దగ్గరో చూడండి. అదే యజ్ఞం, అదే అగ్ని. ఫలం ఆశించకుండా చేస్తే సాత్వికం, ఫలం కోసమో నలుగురికి చూపించుకోవడానికో చేస్తే రాజసం. బ్రహ్మసూత్రాలు సృష్టినే లీల అంటాయి. ఏ కొరతా లేని రాజు ఆడుకున్నట్టు, మనిషి ఊపిరి తీసుకున్నట్టు అని శంకరులు దాన్ని వివరించారు. గీత మనల్ని పనిని కూడా ఫలాసక్తి లేకుండా, అంటే ఆటకి దగ్గరగా చెయ్యమంటుంది. మనం ఉన్న ఆటని కూడా డ్యూటీగా మార్చుకుంటున్నాం.

మరి లెక్క పెట్టడమే తప్పా? అలాగైతే జపమాలకి 108 పూసలెందుకు? ఈ ప్రశ్న నన్ను చాలా రోజులు తిప్పింది. జవాబు అవ్వ దగ్గర దొరికింది. ఆమె రామకోటి రాస్తుంది. ఒకప్పుడు రోజూ ఎన్ని పేజీలైనయో రాసిపెట్టుకునేది. ఒకరోజు ఆపేసింది. ఎందుకని అడిగితే, "చెయ్యి రాముని పేరు రాస్తున్నది, మనసేమో పేజీ నంబరు కాడ ఉంటున్నది. లెక్క రామునికి దెలువదా?" అన్నది. రాయడం ఆపలేదు, లెక్క ఆపింది. అప్పుడు తట్టింది, మాల ఉన్నది మనసు లెక్కపెట్టడానికి కాదు. లెక్కని వేళ్లకి అప్పగించి మనసుని నామం మీదికి వదలడానికి. లెక్క మనసుకి సాయం చేస్తే మంచిదే. మనసే లెక్కకి కూలీ అయితే చిక్కు.

అలాగని విసుగొచ్చింది కదా అని సినిమాలు మానేయడం కూడా పరిష్కారం కాదు. కష్టంగా ఉందని వదిలేసేది రాజస త్యాగమని, దాని వల్ల త్యాగఫలం దక్కదని పద్దెనిమిదో అధ్యాయం హెచ్చరిస్తుంది. వదలాల్సింది పనిని కాదు, దానికి అంటుకున్న సంగాన్ని, ఫలాన్ని. అయితే ఒక్కోసారి ఇష్టం నిజంగానే తీరిపోతుంది. అప్పుడు దండం పెట్టి పక్కన పెట్టడంలో తప్పులేదు. ఏది ఏదో తెలుసుకోవడానికి నేను వేసుకునే ప్రశ్న ఒకటే: ఇది నేను చూశానని ఎవరికీ, ఎప్పటికీ తెలియకపోతే కూడా చూస్తానా? ఔనంటే కూర్చుంటాను. కాదంటే పడుకుంటాను.

యాప్ తీసేశాను. ఇప్పుడు వారానికి ఒకటి, మామూలు స్పీడులో, ఫోన్ పక్క గదిలో పెట్టి చూస్తాను. కొన్ని వారాలు అదీ లేదు. సినిమా మధ్యలో వాక్యాలు ఇప్పటికీ కట్టుకుంటూనే ఉంటాను. ఆ రోగం పూర్తిగా పోలేదు, అబద్ధం చెప్పను. కానీ మొన్న ఆదివారం బాపు ఫోన్ చేసి "ఏం సినిమా చూసినవ్?" అంటే, ఒక్క సీన్ గురించి పది నిమిషాలు చెప్పిన. ఎన్ని మార్కులని బాపు అడగలేదు, నేనూ చెప్పలేదు.

ఈ ఆదివారం మీ ప్లేడేని మీరే ఉంచుకోండి. శుభం.