అనుభవదారు ఎవరమ్మా?

ఊరెళ్తుంటే ‘బాగా ఎంజాయ్ చెయ్యండి’, పెళ్లికెళ్లొస్తే ‘ఎంజాయ్ చేశారా?’ – ఈ ఇంగ్లీషు మాట మన ఇళ్లలో ఎంత చనువుగా తిరుగుతోందో చూశారా?

ఇంగ్లీషు వ్యాకరణంలో ఈ క్రియకి కర్మ ఉండాలన్నది పాత పద్ధతి. దేన్ని ఎంజాయ్ చేశామో చెప్పాలి. ఫలానా అని చెప్పలేకపోతే ‘నన్ను నేనే’ అనైనా అనాలి. మనకా కర్మేమిటని తెలుగులో వదిలేశాం లెండి!

ఆ మాటకి లాయర్లు చెప్పే అర్థం ఇంకొకటుంది. ఆస్తినో హక్కునో ఆటంకం లేకుండా వాడుకోవడం. అద్దె సక్రమంగా కట్టేవాళ్లని గడువు తీరేదాకా ఇంట్లో నిశ్చింతగా ఉండనివ్వాలని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం చెబుతోంది. ఇంగ్లీషు న్యాయశాస్త్రం దాన్నీ ఎంజాయ్‌మెంట్ అనే అంటుంది.

దీనికి సరిజోడు మన ‘అనుభవించు’. కాకపోతే మనది పెద్ద మనసున్న మాట. సుఖమూ అనుభవిస్తాం, కష్టమూ అనుభవిస్తాం. ఆంధ్రాలో పల్లెల అడంగల్ చూడండి, పట్టాదారు పేరుకో గడి, అనుభవదారు పేరుకో గడి ఉంటాయి. భూమి ఒకరిది, అనుభవం మరొకరిది కావచ్చునన్నమాట.

పండగనాడు మన ఇంటికీ ఓ అడంగల్ రాస్తే? పిండి రుబ్బింది, ముగ్గు పెట్టింది, అందరికీ వడ్డించింది ఇల్లాలు. పట్టా ఆవిడదే. అనుభవదారు గడిలో మాత్రం ఆవిడ పేరు తప్ప అందరి పేర్లూ ఉంటాయి.

‘వాళ్లు తింటే నా కడుపు నిండినట్టే’ అంటాం. అది అబద్ధం కాదు. పెట్టడంలో ఉన్న సుఖం పెట్టినవాళ్లకే తెలుసు. కానీ ఏడాది పొడుగునా ఆ ఒక్క సుఖమేనా? నాకంటూ ఓ గంట కావాలనుకుంటే స్వార్థమేమోనని జంకుతాం. ఎదుటివాళ్ల వాటా లాక్కుంటే స్వార్థం గాని, మన వాటా మనం తీసుకుంటే ఎందుకవుతుంది? పైగా గుమ్మంలో నిలబడి మనమ్మాయి అంతా చూస్తోంది. మన గడి ఖాళీగా ఉంటే, తన గడీ అలాగే ఉండాలి కాబోలనుకుంటుంది. నాకు బెంగంతా అక్కడే.

అందుకని, ఈసారి గారెలు వేడిగా ఉండగానే మీరూ పీట వాల్చుకు కూర్చోండి. మరి వడ్డించేదెవరంటారా? ఇంటినిండా అంతమంది అనుభవదారులున్నారు కదండీ!